పదకొండిళ్ల పందెం

సింధూజ చదివే చదువేమిటో తెలకపల్లిలో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు, వాళ్ల నాన్నకైతే అసలే కాలేదు. హైదరాబాదులో పీజీ అంటే అందరూ తలూపారు. దేంట్లో పీజీ అని అడిగినప్పుడే వచ్చేది చిక్కంతా. చూపు లేనివాళ్లకు తెల్లకర్ర పట్టుకుని సొంతంగా తిరగడం నేర్పే చదువు అని చెబితే, వాళ్ల నాన్న రాములు వేరుశనగ చేను గట్టున నిలబడి బాగా ఆలోచించి, "నడుసుడు నేర్పుతందుకు పీజీ ఎందుకు బిడ్డా? నీకు నడుసుడు మీ అవ్వ నేర్పింది. ఆమె ఏ కాలేజీకి పోయింది?" అన్నాడు.

దానికి సింధూజ దగ్గర పెద్ద జవాబే ఉండేది గానీ, అది విప్పేలోపు ఆయన మోటారు వేయడానికి పోయేవాడు.

నిజానికి అది ఆషామాషీ చదువేం కాదు. మొదటి ఏడాదంతా కన్ను, చెవి, నరాలు, చట్టాలు. రెండో ఏడాది వచ్చేసరికి పిల్లల కళ్లకే గంతలు కట్టి, చేతికి తెల్లకర్ర ఇచ్చి, నగరం నడిబొడ్డున వదిలేశారు. నూట ఇరవై గంటలు అలా తిరగాలి. తిరిగింది సింధూజ. బొప్పాయి బండిని గుద్దింది. బస్‌స్టాపు బెంచీ అనుకుని ఆగి ఉన్న ఆటోలో కూర్చుంది. ఒకసారి ఎవరిదో పెళ్లి ఊరేగింపులో కలిసిపోయి, డప్పుల చప్పుడుకు దారి తెలియక ఫంక్షన్ హాలు దాకా నడిచింది. అక్కడ వాళ్లు భోజనం కూడా పెట్టారు. ఇన్ని పడి ఆఖరి గండం దగ్గరికి వచ్చింది. ముప్పై రోజులు ఏదైనా ఊళ్లో ఉండి, ఒక్క మనిషికి నడక నేర్పాలి. ఎక్కడికి పోవాలో ఆ మనిషే చెప్పాలి. చివరి రోజున కాలేజీ నుంచి మేడం వచ్చి చూస్తుండగా, ఆ మనిషి ఇంట్లోంచి బయల్దేరి, ఎవరి చెయ్యీ తగలకుండా, ఎవరి మాటా సాయం లేకుండా, తను కోరుకున్న చోటికి చేరాలి. చేరితే డిగ్రీ. చేరకపోతే మళ్లీ ఏడాది.

అలా వనపర్తిలో బస్సు మారి గద్వాల వచ్చింది సింధూజ. ఆమెకు దొరికిన మనిషి దశరథం.

ఈ దశరథం గురించి కొంచెం చెప్పుకోవాలి. వయసు యాభై నాలుగు. అందులో ముప్పై ఐదేళ్లు మగ్గం మీదే గడిచాయి. చీర అంచు ఆయన నేసిందంటే షావుకారు తిప్పి చూసేవాడు కాదట. కళ్లల్లో నీటికాసులు, డాక్టర్లు గ్లాకోమా అంటారే అది, వచ్చాయి, ఆలస్యంగా తెలిసింది, పద్నాలుగు నెలల కింద చూపు పూర్తిగా పోయింది. అప్పటినుంచి ఆయన గడప దాటలేదు. దవాఖానకు పోవాల్సి వస్తే ఆటో గుమ్మం దాకా రావాలి, భార్య రేణుకమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించాలి, పక్కకు టవలు అడ్డం పట్టాలి. ఎవరూ చూడొద్దు మరి.

సింధూజ మొదటి రోజు చక్కగా చదువుకున్న పిల్లలా వెళ్లి, "నమస్కారం దశరథం గారూ" అంది.

దశరథం తల అటూ ఇటూ తిప్పాడు. "రేణుకా, గారు ఎవరో వచ్చిండ్రంట చూడు. కుర్చెయ్యి" అన్నాడు.

"మీరే గదా దశరథం?"

"నేను దశరథాన్నే. గారు నాతోని లేడు. మామా అని పిలు, లేకుంటే వాపస్ పో."

అప్పటినుంచి మామా, అత్తా అయిపోయారు. పాఠం మాత్రం గట్టిగా సాగింది. ఎడమ కాలు పడేటప్పుడు కర్ర కుడివైపు తగలాలి, కుడి కాలు పడేటప్పుడు ఎడమవైపు. కర్ర ముందు చూసి వచ్చిన చోటే కాలు పడాలి. సింధూజకు ఇది క్లాసులో పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. దశరథానికి మూడు రోజులు కూడా పట్టలేదు. మగ్గం మీద చేతికీ కాలికీ లంకె కుదిరిన మనిషికి ఇదొక లెక్కా? పదో రోజుకు వాకిలి, పెరడు, మేడ మెట్లు, బావి గట్టు అన్నీ ఆయన కర్ర కింద ఉన్నాయి. ఎక్కడికి పోవాలనుందో చెప్పమంటే తడుముకోకుండా, "గల్లీ కొసకు రాజ్‌కుమార్ హోటలుంది. ఆడికి పోయి చాయ్ తాగాలె. ఒక్కన్నే" అన్నాడు. సింధూజ పొంగిపోయి ఫారంలో ఆ మాటలే ఎక్కించింది.

పదకొండో రోజు గడప దగ్గరకు వచ్చి ఆగిపోయాడు. పన్నెండో రోజూ అంతే. పదమూడో రోజు కడుపునొప్పి అన్నాడు. పద్నాలుగో రోజు సింధూజకు నొప్పి మొదలైంది, తలలో.

"ఏంది మామా నీ పరేషాన్? నడక వచ్చె, దారి తెలుసు, హోటల్ పదకొండు ఇండ్ల దూరం. ఎందుకు భయం?"

"నాకు భయమేంది?" అని ఎగిరిపడ్డాడు దశరథం. కాసేపు మీసం తిప్పుకుని, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

సంగతేమిటంటే, ఈ గల్లీలో దశరథం పేరు పెట్టని మనిషి లేడు. మగ్గం మీద కునికే మాసయ్యకు నిద్ర మాసయ్య అని పెట్టింది ఆయనే. చాయ్‌లో పాలకన్నా నీళ్లెక్కువ పోసే హోటలు రాజ్‌కుమార్‌ను నీళ్ల రాజ్‌కుమార్ చేసిందీ ఆయనే. గుసగుసలాడినా నాలుగిళ్లకు వినిపించే జములమ్మ ఇరవై ఏళ్లుగా మైకు జములమ్మ. ఆ పేర్లు ఎంత గట్టిగా అతుక్కున్నాయంటే, పోస్టుమ్యాను కూడా అవే అడుగుతాడు. "ఇప్పుడు నేను కట్టె పట్టుకొని టక్కు టక్కుమనుకుంట గల్లీలకు పోయిననుకో. ఊకుంటరా? ఇరవై ఏండ్ల సంది కాసుకొని కూసున్నరు నాకోసం. ఒక్క దినంల పెడతరు పేరు. అది నేను సచ్చినా పోదు" అన్నాడు. అని నవ్వాడు గానీ, కర్ర పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

సింధూజ నచ్చజెప్పింది, బతిమాలింది, రెండు రోజులు అలిగింది కూడా. అలిగితే ఆయనకు కనపడదు కదా, ఏం లాభం! చివరికి ఇరవయ్యో రోజున కళ్లనీళ్ల పర్యంతమై, "మామా, నువ్వు బయటికి రాకుంటే నా డిగ్రీ పోతది" అనేసింది. అనకూడని మాట అది. అవతలి మనిషి మీద మన అవసరం రుద్దకూడదని మొదటి వారంలోనే నేర్పుతారు. అన్నాక నాలుక కరుచుకుంది.

దశరథం కర్ర పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు గంతలు కట్టుకొని తిరిగిన అంటివి గదా పట్నంల. మా గల్లీల తిరుగు చూద్దాం. హోటల్ కాడికెల్లి మా ఇంటిదాంక, కండ్లు మూసుకొని, ఎవ్వల్ని అడగకుండ రా. వచ్చినవనుకో, అదే దినం నేను కట్టె పట్టుకొని బయటికొస్త. రాకుంటే మల్ల నన్ను అడగొద్దు. పందెం?"

"పందెం!" అంది సింధూజ. ఇంత సులువైన పందెం ఎవరైనా వదులుకుంటారా?

"అయితే గల్లీ ఎట్లుంటదో నేను చెప్త. నీకన్యాయం చెయ్య" అన్నాడు దశరథం, పెద్ద ధర్మరాజులాగా.

ఆ వారమంతా ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఆయన చెబుతుంటే ఆమె కళ్లు మూసుకుని వినేది. ఒకే చప్పుడులా వినిపించే గల్లీ మెల్లగా విడివిడి ఇళ్లుగా విడిపోయింది. హోటలు దాటగానే రెండో ఇంట్లో మాసయ్య మగ్గం: నాలుగు దెబ్బలు పడి ఆగుతుంది, మాసయ్య ఉలిక్కిపడి లేచాక మళ్లీ నాలుగు. నాలుగో ఇంట్లో రెండు మగ్గాలు, అన్నదమ్ములు పోటీ పడి కొడతారు. ఆరో ఇల్లు జములమ్మది, మగ్గం కన్నా ఆమె గొంతే ముందు తగులుతుంది. ఆ ఇల్లు దాటగానే ఎడమకు ఒక సందు, అందులోకి మళ్లారో పోయినట్టే. ఎనిమిదో ఇంట్లో మగ్గం పలక కిర్రుమంటుంది. పదోది కొత్త మగ్గం, గట్టి చప్పుడు. ఆ పక్కదే పదకొండోది, దశరథం ఇల్లు. సింధూజ నోటుపుస్తకంలో ప్రతి ఇంటికీ చప్పుడు రాసుకుంది. ఇంత చక్కటి దారిపటం క్లాసులో ఎవరూ చేసి ఉండరని ఆమెకు గట్టి నమ్మకం. కొంచెం గర్వం కూడా, ఎందుకు దాచాలి?

"దినం నేనే పెడత" అన్నాడు దశరథం. లోపలికి పోయి రేణుకమ్మతో ఏదో మాట్లాడి వచ్చి, "వచ్చే మంగళవారం. పొద్దుగాల పది గంటలకు" అని తేల్చాడు.

చివరి రోజని బుధవారం కాలేజీ నుంచి రావాల్సిన మాలతి మేడంకు ఫోన్ చేసి ఒక రోజు ముందు రమ్మంది సింధూజ. మంగళవారమే ఎందుకని మేడం అడిగితే, "రోజు ఆయనే పెట్టారు మేడం, తనంతట తను" అని మురిసిపోతూ చెప్పింది. నిర్ణయం అవతలి మనిషిదే అయి ఉండాలన్నది వాళ్ల చదువులో మొదటి సూత్రం. మేడం కూడా మెచ్చుకుంది.

మంగళవారం పది గంటలకు రాజ్‌కుమార్ హోటలు ముందు సింధూజ కళ్లకు నల్లగుడ్డ కట్టుకుంది. మాలతి మేడం ముడి లాగి చూసింది. ఆవిడ నిక్కచ్చి మనిషి, విద్యార్థులు వెనకాల ఆవిణ్ని స్కేలు అంటారు. హోటల్లో ఉన్నవాళ్లకు, అరుగుల మీద ఉన్నవాళ్లకు గట్టిగా వినిపించేలా చెప్పింది: "ఈ అమ్మాయికి ఎవరూ దారి చెప్పొద్దు. చెయ్యి పట్టొద్దు. అసలు నోరే తెరవొద్దు. నేను మూడడుగుల వెనక ఉంటా, వాహనం మీదికొస్తే తప్ప నేనూ మాట్లాడను."

సింధూజ కర్ర ఆనించి, ఎడమవైపు మురుగునీళ్ల మోరీ అంచు పట్టుకుని నడక మొదలుపెట్టింది. మొదటి ఇంటికి మగ్గం లేదు, సరే. రెండో ఇంటి దగ్గరకు రావాలి, మాసయ్య నాలుగు దెబ్బలు వినపడాలి. వినపడలేదు. నిద్రపోయాడేమో అనుకుంది. ఇంకో పది అడుగులు వేసింది. అన్నదమ్ముల జంట మగ్గాలు ఎక్కడ? ఏమీ లేదు. పిచ్చుకల చప్పుడు. ఎవరో దగ్గు ఆపుకుంటున్న చప్పుడు. గాజులు. కుడివైపు ఎవరో తమలపాకు నములుతున్నారు. గల్లీ నిండా మనుషులున్నారు, మగ్గం ఒక్కటీ లేదు.

"అమాస నాడు పెట్టిండేందమ్మా పందెం, పాపం పిల్ల" అని ఎవరో ఆడమనిషి గుసగుసగా అంది. ఆ గుసగుస నాలుగిళ్లకు వినిపించింది.

అమావాస్య! సింధూజ కాళ్లు అక్కడే నిలబడిపోయాయి. వాళ్ల తాత బతికున్న రోజుల్లో అమావాస్య నాడు ఎద్దుల మెడ మీద కాడి పెట్టేవాడు కాదు. తాతా పోయాడు, ఎద్దులూ పోయాయి, ట్రాక్టరుకు తిథులు తెలియవు. మగ్గానికి మాత్రం ఇంకా తెలుసు. అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం ఎక్కరు. ఆమె గద్వాల వచ్చింది కిందటి అమావాస్య మర్నాడు, అందుకే ఒక్క రోజు కూడా ఈ నిశ్శబ్దం ఆమె చెవిన పడలేదు. ఈ మంగళవారం పడుతుందని దశరథానికి మాత్రం తెలుసు. లోపలికి పోయి రేణుకమ్మను అడిగి వచ్చింది అదే మరి! ధర్మరాజట, ధర్మరాజు!

ఒళ్లు మండింది. ఆ మంటలోనే పౌరుషం కూడా వచ్చింది. మగ్గాలు లేకపోతే పోనీ, మోరీ ఉంది కదా. ప్రతి ఇంటి ముందూ మోరీ మీద రాతి బండ ఉంటుంది. కర్రతో తడుతూ బండలు లెక్కపెడితే సరి. కానీ లెక్క ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్నదే తెలియలేదు. దాటినవి మూడిళ్లా, నాలుగా? నాలుగు అనుకుంది. ఐదు. ఆరు. ఒక ఇంటికి రెండు బండలున్నాయని ఆమెకెవరూ చెప్పలేదు. ఏడు. మోరీ అంచు ఎడమకు మెలి తిరిగితే ఆమె కూడా తిరిగింది.

కర్ర మెత్తగా దేన్నో తాకింది. అది కదిలింది.

"అయ్యో, సారీ అండీ. చూసుకోలేదు" అంది సింధూజ మర్యాదగా.

అండీ బుస్సుమని ఊపిరి వదిలింది. తోక విసురు ఆమె చెంపకు తగిలింది. అప్పటిదాకా బిగబట్టుకున్న గల్లీ ఇక ఆగలేకపోయింది. అరుగులన్నీ ఒక్కసారిగా నవ్వాయి. బర్రెకు సారీ చెప్పిందిరో అని ఎవరో పడీ పడీ నవ్వుతున్నారు.

సింధూజ గబుక్కున వెనక్కి జరిగింది, పక్కకు తిరిగింది, కర్ర గోడకు కొట్టుకుంది, మళ్లీ తిరిగింది. ఆగి చూసుకుంటే దిక్కు పోయింది. గల్లీ ఎటుందో, సందు ఎటుందో తెలియదు. నవ్వులు గోడలకు తగిలి అన్ని వైపుల నుంచీ వస్తున్నాయి. చెవులు వేడెక్కాయి. ఒక్క వేలు పెట్టి గంత పైకెత్తితే చాలు, అంతా తెలిసిపోతుంది. మేడం చూస్తే చూస్తుంది. చెయ్యి చెంప దాకా వెళ్లింది కూడా.

పట్నంలో నూట ఇరవై గంటలు తిరిగినా ఎవరూ ఆమెను ఎరగరు, నవ్వినా దాటిపోతారు. ఇక్కడ తన పేరు తెలిసినవాళ్లు చుట్టూ కూర్చుని చూస్తున్నారు, తనకు ఒక్కరూ కనపడరు. భయమేసింది. సిగ్గేసింది. పద్నాలుగు నెలలుగా గడప దగ్గర ఆగిపోయిన మనిషిని పట్టుకుని ఎందుకు భయం అని తను ఎంత తేలిగ్గా అడిగిందో గుర్తొచ్చి, ఇంకా సిగ్గేసింది. చెయ్యి దించుకుంది.

అప్పుడు గల్లీలో ఎక్కడో రేణుకమ్మ గొంతు లేచింది.

"ఆడపిల్ల బర్రెకాడ నిలబడి ఏడుస్తుంది. సంబరమైందా నీకు? తొండి ఆడింది నువ్వు, నన్ను రమ్మంటవేంది? నేను రాను. నీ చెయ్యి పట్టుకోను. నువ్వే పోయి చెప్పుకో!"

గల్లీ చప్పబడింది. నవ్వులన్నీ ఆగాయి. కాసేపటికి టక్ మని ఒక చప్పుడు. కొంచెం ఆగి ఇంకోటి. తర్వాత ఆగలేదు. టక్, టక్, టక్. కుడి, ఎడమ, కుడి. ఆ నడక సింధూజ వేల నడకల్లోనైనా పోల్చుకోగలదు, తను నేర్పిందే కాబట్టి. ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయి వింది. మామా, మోరీ పక్కకు పోకు, కర్ర ఇంకొంచెం వెడల్పుగా తిప్పు, అని నోటి దాకా వస్తున్నవన్నీ మింగేసింది.

"ఏడున్నవ్ బిడ్డా?" అన్నాడు దశరథం, సందు మొదట్లో నిలబడి.

"బర్రె కాడ మామా."

"ఎవరి బర్రె?"

"నాకెట్ల తెలుస్తది?"

"కొమ్ము విసురుతుందా, తోక విసురుతుందా?"

"తోక."

"అయితే జములమ్మది. బర్రె మంచిదే. అరిచేది దాని ఓనరు."

"ఓరి నీ నోరు పాడుగాను!" అని జములమ్మ నిజంగానే మైకులా అందుకుంది. "ఏడాదైంది మనిషి మొకం చూడక, వచ్చీ రాంగనే నా మీదనే పడ్డవా?" తిట్టు మధ్యలోనే ముక్కు చీదింది.

దశరథం ఆ తిట్టు పూర్తయ్యేదాకా ఆగి, సింధూజ వైపు తిరిగాడు. "తొండి ఆడిన బిడ్డా. అమాస అని తెలిసే పెట్టిన దినం. మగ్గాలుండవు, నువ్వు తప్పిపోతవు, నన్ను ఇడిచిపెడతవు అనుకున్న."

"సిగ్గుండాలె మామా" అంది సింధూజ. మేడం వింటోందని తెలిసి కూడా అనేసింది. "నిన్ను నమ్మి పుస్తకం నిండ రాసుకున్న."

"ఉంది సిగ్గు. అందుకే వచ్చిన. ఒక్కటి మర్చిపోయిన చూడు, అమాస నాడు మగ్గాలు ఊకుంటే మనుషులంత అరుగుల మీదనే ఉంటరని. నేను ఎవ్వలకు భయపడ్డనో అందరు ఈడనే ఉన్నరు." ఆయన గల్లీ వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏందిరా, ఎవ్వలకు నోరు లేదా? పెట్టుండ్రి పేరు. ఏం పెడతరో ఇప్పుడే పెట్టుండ్రి. దినాం భయపడుడు నాతోని అయితలేదు."

ఒక అరుగు మీంచి మాసయ్య గొంతు సవరించుకున్నాడు.

"పేర్లు పెట్టే తెలివి మాకేడుంది దశరథన్నా? ఇరవై ఏండ్ల సంది అందరికి నువ్వే పెడ్తివి. నీది కూడ నువ్వే మంచిది చూసి పెట్టుకో, మేం పిలుస్తం."

ఈసారి నవ్వుల్లో దశరథం నవ్వు అందరికన్నా పెద్దగా వినిపించింది. ఆ నవ్వు కాస్త ఆగాక, "పందెం ఓడిపోయినవ్ బిడ్డా. నా మోచెయ్యి పట్టుకో, ఇంటికి పోదాం" అన్నాడు. సింధూజ తడుముకుని ఆయన మోచేతికి పైన పట్టుకుంది, తనే నేర్పిన పద్ధతిలో. ఆయన ఒక అడుగు ముందు, ఆమె ఒక అడుగు వెనక. నాలుగిళ్లు దాటి అరుగు చేరారు.

మాలతి మేడం అప్పుడు నోరు తెరిచింది. "సింధూజా, ఇది లెక్కలోకి రాదు. ఆయన గమ్యం హోటలని రాశావు. ఆయన సందు దాకే వచ్చారు. నేను రాయలేను."

సింధూజ అలాగే మేడం అని మాత్రం అనగలిగింది. న్యాయం అదే మరి.

"ఇప్పుడెవరన్నరు మేడం అయిపోయిందని?" అన్నాడు దశరథం. సింధూజ భుజం పట్టి అరుగు మీద కూర్చోబెట్టాడు. "బిడ్డా, నేనొచ్చేదాంక గంత ఇప్పకు. కండ్లు తెరిస్తే ఊకోవు నువ్వు, నేను జర అటు ఇటు అయితే ఉరుకొస్తవ్. ఒట్టు?"

"ఒట్టు."

కర్ర చప్పుడు గడప ముందు మొదలై దూరమైంది, దాని వెనక మేడం చెప్పుల చప్పుడు. మగ్గాలు లేని గల్లీలో ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తోంది. సింధూజ ఇళ్లు లెక్కపెట్టుకుంది. పదోది, తొమ్మిదోది, ఎనిమిదోది. సందు దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆమె లేవబోయింది.

"కూసో" అంది రేణుకమ్మ పక్కనుంచి.

"ఎందుకు ఆగిండు అత్తా?"

"జములమ్మతోని లొల్లి పెట్టుకుంటుండు."

మళ్లీ టక్కుమంది. ఇంకా దూరం, ఇంకా సన్నగా. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఎంతసేపైందో తెలియదు, గల్లీ కొసనుంచి దశరథం గొంతు ఖంగుమంది: "ఏయ్ రాజ్‌కుమార్! నాకొకటి, మా మేడానికొకటి. పాలు కూడ పొయ్యిరా ఇయ్యాల!"

సింధూజ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. గంత కింద కళ్లు తడిసిపోయాయి. డిగ్రీ సంగతి ఆ క్షణాన గుర్తుకే రాలేదు.

రేణుకమ్మ తనలో తను మాట్లాడుకున్నట్టు అంది: "ఆయన లేకుండ ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న బిడ్డా. పద్నాలుగు నెలలల్ల ఇదే మొదలు. ఆయన పిలుస్తడేమో అని స్నానం కూడ చెవులు తలుపుకాడ పెట్టే చేస్తి. ఇప్పుడేం చెయ్యాల్నో తెలుస్తలేదు."

"ఏం చెయ్యాలనిపిస్తుంది అత్తా?"

ఆమె ఆలోచించింది. "కాళ్లు చాపుకొని కూసోవాలనుంది. గంతే."

"కూసో మరి."

అరుగు మీద గాజులు కదిలాయి, మెట్టెలు రాయికి తగిలాయి. రేణుకమ్మ కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది. "అబ్బ" అంది హాయిగా. అన్న మరుక్షణం బావురుమని ఏడ్చింది, గల్లీ అంతా వింటుందన్న పట్టింపు కూడా లేకుండా. సింధూజ తడుముకుంటూ ఆమె చెయ్యి వెతికి గట్టిగా పట్టుకుంది. గంత మాత్రం విప్పలేదు, మాట ఇచ్చింది కాబట్టి.